నాలుగు మరలు

తోతాపురి కాలం.
గుడిపాల రోడ్డు మీద, గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి
చింతచెట్ల మలుపు దాకా నూట పదకొండు ట్రాక్టర్లు.
అడుగు వరస కాయ అప్పటికే మెత్తబడి
ట్రాలీ చెక్కల సందుల్లోంచి
తారు మీదికి తీపి కారుతా ఉంది.

నా చొక్కా జేబులో కంప్యూటరు.
అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత ఉంటుంది.
తమలపాకంత తెర, పెసరగింజలంత మీటలు.
దాని పటం ఎవరో ముక్కూ మొహం తెలీనోళ్ళు గీసి
చేసుకోండి, తప్పుంటే దిద్దుకోండి అని వదిలేసినారు.
నేను దిద్దింది ఒక్క బ్యాటరీ గూడే.
పాత ల్యాప్‌టాప్‌లో ఊడదీసిన సెల్లు పట్టేట్టు
రెండు మిల్లీమీటర్లు వెడల్పు చేసినాను.
ఆ రెండు మిల్లీమీటర్లూ తిరిగి వాళ్ళకే రాసి పంపినాను.

పగలు నేను మోటార్లు చుట్టేవాణ్ణి.
కాలిన వార్నీషే మా అంగట్లో సాంబ్రాణి.
ఏ మోటారుకు ఎన్ని చుట్లో
మా నాయన ఒక్క చీటీ మీదా రాయలేదు,
ఎదురంగడి శేషాచారికి తెలిసిపోతుందని.
ఎడమ పక్కంతా పడిపోయి, మాట పోయినాక
ఆ లెక్క ఆయన లోపలే ఉండిపోయింది.
మంచం పక్కన కూచుని
ఆయన చుట్టిన మోటారునే చుట్టు చుట్టూ విప్పి
లెక్కపెట్టుకున్నాను, మూడు నెలలు.
తప్పు చెబితే కుడి కన్ను మూసేవాడు.

రాత్రి పదకొండుకు గొడవ లేచింది.
తొంభై రెండో బండి ముప్పైలోకి ఎట్లా వచ్చిందని.
సాయంత్రం వానకు టోకెన్లన్నీ తడిసి
అంకెలు ఊదారంగు మరకలైనాయి.
నా తెర మీద మాత్రం వరస ఉంది.
లినక్సు నల్లపలక, తెల్ల రాత,
చివర్న మిణుకుమంటా ఒక గీత.
వొత్తులు ఇంకా కుదరవు దాంట్లో,
చెంగల్రాయులు 'చెంగల్ రాయులు'గా విరిగి పడి ఉన్నాడు.

ఆ విరిగినాయనే టార్చి నా మొహాన కొట్టి
"ఎవురిచ్చిందబ్బా ఇది? ఫ్యాక్టరీ వోళ్ళా?
లోపల ఏముండాదో నాకెట్ట తెలుస్తాది?" అన్నాడు.
బానెట్ ఎత్తి చెయ్యి పెట్టకుండా
ఏ మెకానిక్ మాటా నమ్మని మనిషి.

నాలుగు మరలు విప్పినాను.
హెడ్‌లైటు వెలుతుర్లో అరచేతిలో పరిచి చూపించినాను.
ఇది లెక్క చేసేది, ఇది గుర్తు పెట్టుకునేది,
కరెంటు ఇట్లా వచ్చి ఇట్లా పోతుంది.
ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.
చాలాసేపు ఏమీ అనలేదు. మామిడి ఈగలు మూగినాయి.
"ఈడ టంకం వొంకర పోసినావు.
గుంతలో పడితే ఊడొస్తాది" అన్నాడు.
అని, బండి మడ్‌గార్డు మీద కూచుని
"సరే, చదువు" అన్నాడు.

చదివినాను, గొంతు చించుకుని.
అరవై నాలుగు దగ్గర కుప్పమ్మ చెయ్యెత్తింది.
"నాకంటే ఎనకొచ్చినోడు ముందుండాడే!"
తప్పు నాదే. నీళ్ళు తాగను పోయి వచ్చి
ఒకర్ని ముందు ఎక్కించినాను.
అందరూ చూస్తా ఉండగానే దిద్దినాను.
తొంభై రెండో బండి ఎవరూ చెప్పకుండానే
రివర్సు గేరు వేసుకుంది.

తెల్లారి గేటు తెరిచి ఆరు బండ్లు తీసుకున్నారు.
ఆరంటే ఆరే. రేటు ఇంకో రూపాయి తగ్గిందన్నారు.
దానికి నా జేబులో మందు లేదు.

ఇంటికొచ్చి టంకం మళ్ళీ పోసినాను.
అంగడి గోడ మీద, వీధిలోకి కనిపించేట్టు,
ఏ మోటారుకు ఎన్ని చుట్లో బొగ్గుతో రాసినాను.
మధ్యాన్నం శేషాచారి వచ్చి, నిలబడి చదివి,
మూడో వరసలో ఒక అంకె కొట్టేసి
పక్కన వేరేది రాసి పోయినాడు.
నాయన్ని అడిగితే
ఏ కన్నూ మూయలేదు.

నాలుగో మర మాత్రం ఆ రాత్రే
మామిడి జిగట్లో యాడో పడిపోయింది.
మూడింటి మీదే నడుస్తా ఉంది.